అడివిపంది జాడ: పడమటి ప్రకాశం పల్లెల్లో ఒక చదువు చరిత్ర

బళ్ళో మాకు చదువంటే అక్షరమేనని చెప్పారు. మార్కాపురం పలక మీద దిద్దుకున్నోళ్ళం మేం. ఆ పలకరాయిని గనుల్లోంచి తవ్వి, కోసి, దేశం మీదికి పంపిన కూలీల్లో అక్షరం రానోళ్ళు ఎందరో ఉన్నారు. విశ్వవిద్యాలయం దాకా వచ్చిన మొదటి తరంగా మేం ప్రతి దరఖాస్తులోనూ తండ్రి చదువు అన్న గడిలో 'నిరక్షరాస్యుడు' అని నింపుతూ వచ్చాం. ఆ గడిలో పట్టని చదువు ఒకటుంది. అది తెల్లారకముందే చేను గట్టు మీద నిలబడి, రాత్రి నేల మీద ఏం జరిగిందో చదివే చదువు. ఈ వ్యాసం అందులో ఒక్క పాఠం గురించి: అడివిపంది జాడ పట్టడం. అది ఎవరి దగ్గర పెరిగింది, ఎవరు వాడుకున్నారు, ఎవరి మీద నేరంగా రాశారు అన్నది మా ప్రశ్న.

గిద్దలూరు నల్లమల తూర్పు అంచున ఉంది. దిగువమెట్ట దగ్గర రైలు కొండలోకి ఎక్కుతుంది, చెలమ, బొగద దాటి గాజులపల్లె దగ్గర అవతల దిగుతుంది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడిందాకా (1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు) ఇది కర్నూలు జిల్లాలోదే. అందుకే ఇక్కడి మాటలో, మన్నులో, కరువులో రాయలసీమ ఉంది. గుండ్లకమ్మ ఈ కొండల్లోనే పుట్టి కంభం చెరువుకు నీళ్ళిచ్చి తూర్పుకు పోతుంది. అడివిలో చెంచులు, అడివికీ ఊరికీ మధ్య మాదిగలు, మాలలు, బోయలు, ఎరుకలోళ్ళు, యానాదులు, సుగాలీలు. చేలల్లో జొన్న, సజ్జ, కంది, వేరుశనగ. పందికి ఇంతకంటే ఏం కావాల?

పంది జాడలో మొదట కంటబడేది ముట్టె పని. రాత్రి పంది దిగిన చేను మడక అడ్డదిడ్డంగా తోలినట్టుంటుంది. ముట్టెను మట్టిలోకి దూర్చి ముందుకు ఎగదోస్తుంది గాబట్టి మట్టి ఒకవైపుకు తిరగబడి ఉంటుంది. దాన్నిబట్టి అది ఎటు మొగమై మేసిందో, ఎటునుంచి దిగిందో తెలుస్తుంది. ఎలుగు తవ్వితే గుంట లోతుగా, పుట్ట దగ్గర, గోళ్ళ గీతలతో ఉంటుంది. ఏదుపంది తవ్వితే సన్న గుంట, పక్కన ఒకటో రెండో ముళ్ళు రాలి ఉంటాయి. (పేరులో పంది ఉన్నా అది పంది జాతి కాదు, ఎలుక జాతి.) వేరుశనగ చేలో ఈ తేడా తెలియకపోతే కాపలా అంతా వృథా.

తర్వాత గిట్ట. దుప్పి అడుగు సన్నగా, కొస తేలి ఉంటుంది. పంది అడుగు మొద్దుగా, కొసలు గుండ్రంగా ఉంటుంది. అసలు గుర్తు మాత్రం వెనకాల ఉంది. పందికి వెనక గిట్టలు రెండూ కిందికి దిగి, పక్కలకు చాచుకొని ఉంటాయి. మామూలు తడి నేలలోనే పెద్ద అచ్చు వెనక రెండు చిన్న గుంటలు పడతాయి, అవీ పెద్ద అచ్చుకంటే ఎడంగా. దుప్పికీ కణితికీ ఆ గుంటలు బురదలో దిగబడినప్పుడో, ప్రాణభయంతో దూకినప్పుడో తప్ప పడవు. కాబట్టి అవి కనపడితే, ఒకటి పంది అయినా అయ్యుండాల, లేదంటే దుప్పిని ఏదో తరిమి ఉండాల. రెండోదైతే తరిమినదాని అడుగు వెనకాలే వెతకాల.

మూడోది అడుసు. పందికి చెమట పట్టదు. ఎండాకాలం ఒళ్ళు చల్లబరచుకోడానికి, పేలూ పిడుదులూ వదిలించుకోడానికి బురదలో పొర్లుతుంది. వాగు ఎండిపోయిన నెలల్లో ఒక్క చెలమ దగ్గర తడి మిగిలినా ఒళ్ళు ఆనించిన పల్లం, దాంట్లో వెంట్రుకల గీతలు కనపడతాయి. అక్కడి నుంచి లేచి దగ్గర్లోని చెట్టుకు ఒరుసుకుంటుంది. మాను మీద అంటిన బురద ఎంత ఎత్తులో ఉందో చూసి పంది ఎంతదో చెప్పొచ్చు. బెరడులో ఇరుక్కున్న బిరుసు వెంట్రుక, కోర గీసిన గాటు ఉంటే అది వయసు మీరిన మగది, ఒంటిది అయ్యే వీలు ఎక్కువ. పక్కన చిన్న అడుగులు కలగాపులగంగా ఉంటే పిల్లల తల్లుల మంద. గడ్డి, రెమ్మలు కొరికి కుప్పగా పోసుకున్న గూడు కనపడితే ఆడది ఈనడానికి చోటు చేసుకుంది. అక్కడినుంచి చప్పుడు లేకుండా వెనక్కు తిరగాల. పిల్లల దగ్గరున్న తల్లి ఎదురు తిరిగితే ఎంతటోడికైనా కష్టమే.

ఇవన్నీ 'ఏమిటి' అన్నదానికి జవాబులు. 'ఎప్పుడు' అన్నది ఇంకా పెద్ద చదువు. వాగు దాటేటప్పుడు మా పెదనాయన ఆగి, గిట్ట అచ్చులో నిలిచిన నీళ్ళు చూపించి, "తేరుకున్నాయా, కలకగా ఉన్నాయా చెప్పరా" అనేవాడు. కలకగా ఉంటే అది ఇప్పుడే దాటింది, మాట్లాడకూడదు. తేరుకున్నాయి అంటే, "ఐతే ఈ పాటికి యాడనో పొదలో పడుకోనుంటది, పా" అనేవాడు. ఎగదోసిన మట్టి అడుగుభాగం ఇంకా నల్లగా తడిగా ఉందా, ఎండకు పాలిపోయిందా? అడుగు మీద మంచు పడిందా, మంచు మీద అడుగు పడిందా? ఆ దారికి అడ్డంగా సాలెగూడు అల్లుకొని ఉందా, తెగి ఉందా? పెంటలో పేడపురుగులు చేరినాయా? ఆ పెంటలో రేగుగింజలున్నాయా, శనగపొట్టుందా? రేగుగింజలుంటే అది ఇంకా గుట్టల్లోనే మేస్తోంది. శనగపొట్టుంటే చేలకు అలవాటు పడింది, మళ్ళీ వస్తుంది. ఒక్క గుర్తును నమ్మడం లేదు చూడండి. నాలుగు గుర్తులు ఒక్కమాట చెబితేనే జాడ. ఒకటి అడ్డం తిరిగితే మొదటికొచ్చి మళ్ళీ చూడాల.

దీన్ని శాస్త్రం అనడానికి మేం మొహమాటపడం. ఇటలీ చరిత్రకారుడు కార్లో గింజ్‌బర్గ్ 1979లో ఆనవాళ్ళ మీద రాసిన వ్యాసంలో, కంటికి కనపడని జంతువును అది వదిలిన గుర్తులనుంచి ఊహించే వేటగాడి పద్ధతి నుంచే వైద్యుడు, అపరాధ పరిశోధకుడు, చరిత్రకారుడు వాడే పద్ధతి కూడా వచ్చిందని వాదించాడు. దక్షిణాఫ్రికా నుంచి లూయీ లీబెన్‌బర్గ్ 1990లో కలహారి ఎడారి సాన్ వేటగాళ్ళ జాడ విద్యను విజ్ఞానశాస్త్రానికి మూలమని చెప్తూ ఒక పుస్తకమే రాశాడు. సంతోషమే. కలహారి దాకా పోయిన చూపు మన నల్లమల అంచు మాదిగపల్లె దాకా ఎందుకు రాలేదు అన్నదొక్కటే మా ప్రశ్న. మనకు కులవృత్తుల పట్టికలున్నాయి. తోలు, డప్పు, చాకిరి అని మాదిగలకూ, బుట్టలూ పందులూ అని ఎరుకలోళ్ళకూ రాసిపెట్టారు. వృత్తి కింద రాసుకున్నారు గానీ జ్ఞానం కింద ఎవరూ రాయలేదు. చచ్చిన గొడ్డును కోసే చెయ్యి, ఆ గొడ్డు దేంతో చచ్చిందో చెప్పగలదు. ఆ కన్నే అడివిలో జాడను చూస్తుంది.

వేటలో కులం ఎట్లా పనిచేసిందో చూద్దాం. 1878 ఆయుధాల చట్టంతో తుపాకికి లైసెన్సు కావాల్సి వచ్చింది. లైసెన్సు భూమి, పరపతి ఉన్నోళ్ళ చేతికే ఎక్కువగా పోయింది. తుపాకి ఊళ్ళో, జాడ పల్లెలో. ఊరోళ్ళు వేటకు బయల్దేరితే ముందురోజే పల్లెకు కబురొచ్చేది. గుట్ట చుట్టి వచ్చి పందులు ఏ పొదలో పడుకున్నాయో చెప్పేది పల్లెవాళ్ళు. డప్పులు కొట్టి, కేకలేసి, ముళ్ళపొదల్లోంచి తోలుకొచ్చేది పల్లెవాళ్ళు. పంది తిరగబడితే తొడ చీలేది వాళ్ళదే. ఎత్తుమీద, గాలివాటానికి ఎదురుగా కూర్చొని కాల్చినాయన పేరుమీద ఆ పంది చరిత్రలోకి పోయింది. కూర పోగులేసేటప్పుడు ఎవరికి ఏ భాగం అన్నది కూడా కులమే తేల్చేది. బెంగళూరునుంచి ఈ అడివికి వచ్చి పులుల్ని కాల్చిన కెన్నెత్ ఆండర్సన్ పుస్తకాల్లో దిగువమెట్ట, గాజులపల్లె పేర్లు కనిపిస్తాయి. ఆయన చెంచులను చూపించాడు, కాదనం. కానీ షికారు పుస్తకం అన్నదాని స్వభావమే వేరు. అందులో జాడ చెప్పినవాడు సాయం చేసినవాడు, తుపాకి పేల్చినవాడు కథానాయకుడు.

ఇంకో సంగతి. అడివిపంది కూరను ఊళ్ళో పెద్దకులాలోళ్ళు గొప్పగా తింటారు. ఎరుకలోళ్ళు పెంచే ఊరపందిని మాత్రం చూస్తేనే మైల. రెండూ ఒకే జాతి అని జంతుశాస్త్రం చెబుతుంది. అడివిదాన్ని మచ్చిక చేస్తే వచ్చిందే ఊరిది. జాడ పట్టేవాడికి కూడా ఇది తెలుసు. నేలమీద రెండింటి గిట్ట అచ్చూ ఒకటే మాదిరి. అది గుట్టవైపు పోతోందా, ఇండ్లవైపు పోతోందా అన్నది చూసే తేల్చాల. నేలమీద లేని తేడా పళ్ళెంలోకి ఎట్లా వచ్చిందో చెప్పాల్సింది జంతుశాస్త్రం కాదు. అదే పందిని సంస్కృతంలో పిలిస్తే వరాహమైంది. చాళుక్యుల ముద్ర మీద వరాహం, విజయనగర రాజుల లాంఛనంలో వరాహం, వాళ్ళ బంగారు నాణేనికి పేరే వరాహ. పంది రాజముద్ర మీదికెక్కింది. పందుల్ని మేపినోళ్ళు ఊరిబయటే ఉండిపోయారు.

సాహిత్యం దగ్గరికొస్తే, పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేట ఉంది. ప్రబంధ కవులకు అడివిపందిని చెప్పడానికి 'ఏకలం' లాంటి మంచి తెలుగుమాటలు దొరికాయి. ఆ మాటలు కవులకు ఎక్కడివి? అడివిలో తిరిగినోళ్ళ నోట్లోవి. ధూర్జటి కాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నడు వేటగాళ్ళ బిడ్డ. పంది మాంసం తెచ్చి శివుడికి పెడతాడు. కన్ను పెరికి ఇచ్చిన తర్వాత గుడి ఆయన్ను ఒప్పుకుంది. మా వాదన ఏమిటంటే, తిన్నడి భక్తిని తీసుకున్న సంప్రదాయం తిన్నడి విద్యను తీసుకోలేదు. ఆ కంటికి ఏం కనపడేదో ఎవరూ అడగలేదు. నల్లమల అవతలి వైపు అహోబిలంలో ఏటా సంక్రాంతి తర్వాత పారువేట ఉత్సవం జరుగుతుంది. నరసింహస్వామి చెంచులక్ష్మితో పెండ్లికి పిలవడానికి ఊళ్ళు తిరుగుతాడు. దేవుడి వేట పండగైంది. అత్తగారింటోళ్ళ వేట మాత్రం కేసైంది.

కేసు ఎట్లా అయ్యిందో కాస్త నిదానంగా చూడాల. 1878 భారత అటవీ చట్టాన్ని మద్రాసు ప్రభుత్వం వెంటనే ఒప్పుకోలేదు. అడవుల మీద ఊళ్ళకు హక్కులున్నాయని అప్పటి రెవెన్యూ అధికారులే వాదించారు. తర్వాత బ్రాండిస్ వచ్చి సర్దుబాటు చేశాక 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. నల్లమల రిజర్వు అడివయ్యింది. రిజర్వులో వేటాడటం, వల పన్నడం నేరాల కిందికి పోయాయి. 1878 చట్టానికి ముందు జరిగిన చర్చలో, అడివి మీద సర్కారుదే సంపూర్ణ అధికారమని గట్టిగా వాదించిన అధికారి బి.హెచ్. బేడెన్ పవెల్. ఆయన సవతి తమ్ముడు రాబర్ట్ బేడెన్ పవెల్ సైన్యాధికారి. గుర్రం మీద ఈటెతో పందిని పొడిచే ఆట మీద 1889లో పుస్తకం రాశాడు. ఈయనే తర్వాత స్కౌటు ఉద్యమం పెట్టాడు. 1908లో పిల్లల కోసం రాసిన స్కౌటింగ్ పుస్తకంలో జాడలు చదవడం నేర్పే పాఠాలున్నాయి. అడుగు చూసి మనిషినీ జంతువునూ పోల్చడం చూపును పదును పెడుతుందని, మంచి పౌరుణ్ణి తయారు చేస్తుందని అందులో బోధన.

ఇది 1908. మూడేండ్లకు, 1911లో, నేరస్థ జాతుల చట్టాన్ని మద్రాసు రాజధానికి వర్తింపజేశారు. ఎరుకలోళ్ళను, ఇంకా ఎన్నో తిరుగుడు జాతులను పుట్టుకతోనే దొంగలన్నారు. వేలిముద్రలు, హాజరీ పట్టీలు, స్టూవర్టుపురం, సీతానగరం, కావలి సెటిల్‌మెంట్లు. రాత్రిపూట అడివిలో చప్పుడు లేకుండా నడవగలగడం, గుర్తులు చదవగలగడం లండను పిల్లాడికి శీలం, మా ఎరుకల పిల్లాడికి నేరస్వభావం. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం దేశమంతటా పోయింది. 'మాజీ' అన్న మాట తగిలించి పేరును మాత్రం ఉంచారు.

ఇంకొక విచిత్రం కూడా ఉంది. పాత గ్రామ వ్యవస్థలో ఊళ్ళో దొంగతనం జరిగితే దొంగ అడుగుల జాడ పట్టుకొని పొలిమేర దాకా పోయి, పక్క ఊరి కావలివాడికి అప్పజెప్పాల్సిన పని తలారిది. బోయలు, మాలలు, మాదిగలు చాలా ఊళ్ళల్లో తలారులుగా, వెట్టులుగా ఈ చాకిరి చేశారు. అంటే సర్కారుకు ఈ విద్య విలువ తెలియక కాదు. తన తరఫున చదివితే ఉద్యోగం, తన కడుపు కోసం చదివితే నేరం. 1921-22లో పల్నాడులో పుల్లరికి ఎదురు తిరిగిన అడివి పోరాటం మన పాఠ్యపుస్తకాల్లో ఉంది, కన్నెగంటి హనుమంతు పేరుంది. ఉండాల్సిందే. కానీ పుల్లరి అంటే గొడ్లున్నోడి బాధ. గొడ్డు లేనోడు, వేటమీదా గడ్డలమీదా బతికినోడు అడివిని పోగొట్టుకున్న కథకు ఉద్యమం అన్న పేరు దక్కలేదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడివిపందిని మూడో షెడ్యూలులో పెట్టింది. 2022 సవరణ తర్వాత రెండో షెడ్యూలులోకి మార్చారు. అనుమతి లేకుండా చంపితే జైలు. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం అడివి పులుల ప్రాజెక్టులోకి వచ్చింది. 1990లో గుండ్లబ్రహ్మేశ్వరం అభయారణ్యం ప్రకటించారు. వేటాడమని చెప్పడానికి మేం ఈ వ్యాసం రాయడం లేదు. పులి బతకాలంటే దుప్పి, కణితి, పంది బతకాల, అది మాకూ తెలుసు. మేం అడిగేది వేరే. పులుల లెక్క చాలాకాలం అడుగుల అచ్చులు చూసే తీశారు. కెమెరాలొచ్చాక కూడా ఆ కెమెరాను ఏ దారిలో కట్టాలో చెప్పాల్సింది జాడ తెలిసినోడే. నల్లమలలో ఆ పని చెంచులు చేస్తున్నారు, ఎక్కువమంది రోజుకూలీ కిందే. నివేదికల మీద సంతకం వాళ్ళది కాదు.

2006 అటవీ హక్కుల చట్టం చదివితే ఇది ఇంకా స్పష్టంగా కనపడుతుంది. మూడో సెక్షన్లో, జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సముదాయానికి మేధోహక్కు ఉందని ఒక క్లాజు. దాని పక్క క్లాజు, అనాదిగా అనుభవిస్తున్న ఇతర హక్కులన్నీ ఇస్తూ వేటను మాత్రం మినహాయించింది. వేటలో పుట్టి పెరిగిన జ్ఞానాన్ని వేటనుంచి విడదీసి ఎట్లా నిలబెడతారు? చట్టం చెప్పదు. పైగా ఇతర సంప్రదాయ అడివివాసుల కింద దళితులు హక్కు అడగాలంటే మూడు తరాలు, అంటే 75 ఏండ్ల నివాసం చూపించాల. కాగితం ఎవరిదగ్గరుంటుంది? 2015-16లో కేంద్రం ఉత్తరాఖండ్, బీహారుల్లో కొన్నిచోట్ల అడివిపందిని హానికర జంతువుగా ప్రకటించి కాల్చడానికి కొంతకాలం అనుమతిచ్చింది. చట్టం తలుపు తెరిచినప్పుడు కూడా పిలుపు పోయేది తుపాకి లైసెన్సున్నోళ్ళకే. జాడ తెలిసినోడు మళ్ళీ ముందు నడిచేవాడే.

ఇప్పటి మా పల్లెల్లో పంది సమస్య భూమి సమస్యతో ముడిపడింది. దళితులకు సర్కారిచ్చిన దరఖాస్తు భూములు ఎక్కడుంటాయి? గుట్టకింద, రాళ్ళలో, అడివి అంచులో. మంద దిగితే మొదట దిగేది ఆ చేలోకే. ఊరి పక్కనున్న బోర్ల కింది చేలకు రావాలంటే మధ్యలో మా చేలు దాటాల. ఇట్లా మా కంది, మా వేరుశనగ ఊరికి కంచెలాగా పనిచేస్తున్నాయి. నష్టం రాసుకోడానికి అధికారి వచ్చేసరికి గాలికీ ఎండకూ అచ్చులు చెదిరిపోతాయి. మిగిలిన గుర్తుల్ని చదివి చెప్పగలిగినోడి మాట పంచనామాలో సాక్ష్యంగా నిలవదు. కౌలుకు చేసుకునేవాడి పేరు అసలు కాగితంలోనే ఉండదు. ఇంకోపక్క, కొందరు చేల చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగలు పెడుతున్నారు. వాటికి పందులే కాదు, తెల్లారుజామున చేలోకి పోయిన కూలీలూ, గొర్రెల కాపరులూ చచ్చిపోతున్నారు. ఇక్కడ ఒకమాట చెప్పాల. జాడ తెలిసినోడు ఏ దారిన వస్తుందో చూసి ఆ ఒక్కచోట కాపలా ఉంటాడు, డబ్బా కొడతాడు, మంట వేస్తాడు. జాడ తెలియనోడు చేనంతా తీగ చుడతాడు. ఆ విద్య పోవడానికీ ఈ చావులకూ సంబంధం ఉందని మేం అనుకుంటున్నాం. ఈ కోణంలో పరిశోధన జరగాల.

ఇప్పటిదాకా మేం చెప్పిందంతా మగోళ్ళ మాటల్లోనే సాగింది. వేట అనగానే మగోడు కనపడతాడు, షికారు పుస్తకాలు నేర్పిన చూపు మనల్నీ వదల్లేదు. నిజానికి పల్లెల్లో పంది జాడ మొదట చూసేది ఆడవాళ్ళు. కలుపుకు, కట్టెలకు, ఇప్పపూతకు, గడ్డలకు మొదటి జామునే పోయేది వాళ్ళే. గడ్డ తవ్వుకునే ఆడమనిషికీ పందికీ కావాల్సింది ఒకే గడ్డ, ఒకే చోటు. తనకంటే ముందు ముట్టె పెట్టిన చోటును చూడగానే ఆమెకు తెలిసిపోతుంది, ఇది నిన్న రాత్రిదా, మొన్నటిదా, ఇక్కడ ఇంకా ఏమైనా మిగిలిందా, పిల్లల తల్లి దగ్గర్లో ఉందా, బిడ్డను చంకన పెట్టుకొని ఈ దారిన పోవచ్చా అని. ఆ కబురు ఇంటికి తెచ్చేది ఆమె. మేం కలిసిన ముసలమ్మలు ముట్టె గుంటల్లో ఎండుగుంట, పచ్చిగుంట అని వేరు చేసి చెబుతారు. పచ్చిగుంట దగ్గర గంప దించరు. "దీన్ని ఏమంటారమ్మా" అని అడిగితే దానికి వేట అన్న పేరు పెట్టరు, జాడ అని కూడా అనరు. గడ్డలకు పోవడం అంటారు, అంతే.